లేజర్ లెన్స్ పగలడం గురించి – సమాధానం

అన్నా, మహబూబ్‌నగర్‌లో మీ నేమ్‌బోర్డుల షాపు లేజర్ మెషీన్ పొద్దున బాగానే కోసి, కాసేపటికి యాక్రిలిక్ కిందిదాకా తెగట్లేదని, లెన్సులు పగులుతున్నాయని రాశారు. దయచేసి పవర్ పెంచకండి, లెన్స్ ఇంకా తొందరగా పోతుంది.

మీ మెషీన్‌లాంటి సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేసే) లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. మామూలు గాజు దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి జింక్ సెలినైడ్ లెన్స్ వాడతారు. అది శుభ్రంగా ఉంటే కాంతి దాదాపు మొత్తం దాటిపోతుంది. పొగ జిడ్డో, రాతి పొడో అంటుకుంటే ఆ చోట కాంతి వేడిగా మారుతుంది. ఆ వేడికి లెన్స్ వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే తీరు, మారి ఫోకస్ ఉండాల్సిన చోటు నుంచి తప్పుతుంది, అందుకే కిందిదాకా తెగదు. మధ్య భాగం కాలి అంచు చల్లగా ఉంటే లెన్స్ పగులుతుంది కూడా. అదే మెషీన్‌పై గ్రానైట్ పలకలు చెక్కుతున్నామన్నారు కదా, నాకు అనుమానం అక్కడే.

మెషీన్ ఆపి, లెన్స్ చల్లారాక ముందు గాలితో దుమ్ము ఊదండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన లెన్స్ పేపర్‌తో మెల్లగా తుడవండి, పొడిగుడ్డతో రుద్దొద్దు. కంప్రెసర్ గాలిలో నూనె, తేమ రాకుండా ఫిల్టర్ పెట్టండి.

లెన్స్ శుభ్రంగా ఉన్నా తెగకపోతే చిల్లర్ (లేజర్ ట్యూబ్‌ను చల్లబరిచే యంత్రం) నీళ్లు చూడండి. మన పాలమూరు ఎండలకు అవి వేడెక్కితే ట్యూబ్ పవరే పడిపోతుంది.

అన్నా, పగిలిన లెన్స్ ముక్కలు విషపూరితం, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.