ఫాదర్ గారితో మాటల్లేవు, పాప మొదటి సత్ప్రసాదం దగ్గరపడింది

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తాతల కాలం నుంచి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్ళం. పోయినేడు గుడి పండుగ చందాల లెక్క చెప్పమని మావారు నలుగురిలో ఫాదర్ గారిని అడిగారు. ఆ వచ్చే ఆదివారం ఆయన ప్రసంగంలో పేరెత్తకుండానే మావారిని అందరికీ అర్థమయ్యేలా దులిపేశారు. అప్పటినుంచి మేం గుడి గడప తొక్కలేదు. ఆయన దగ్గర పాపసంకీర్తనం (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడం) చెప్పుకోవాలన్నా, ఆయన చేతి నుంచి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకోవాలన్నా నాకు మనసు రావడం లేదు. పాస్క (ఈస్టర్) పండుగ తర్వాత మా పాప ఈడు పిల్లలందరికీ మొదటి సత్ప్రసాదం ఇస్తారు. మంచాన పడ్డ మా అత్తమ్మ ఫాదర్‌ని పిలవమని అడుగుతోంది. మావారు వద్దంటున్నారు, పక్క వీధి పాస్టర్ గారి ప్రార్థనకు పోదామంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినవాటిలో ఆగలేనిది ఒక్కటే, మీ అత్తగారి సంగతి. ముందు అది చూడండి. లెక్కల తగాదా మీవారికీ ఫాదర్ గారికీ మధ్య వచ్చింది, అందులో ఆ పెద్దావిడ ప్రమేయం ఏమీ లేదు. ఆమె నోరు తెరిచి అడుగుతోంది. కొడుకు కోపానికి తల్లి, ఫాదర్ రోగులకు ఇచ్చే సంస్కారాన్ని పోగొట్టుకోకూడదు. ఫాదర్‌తో మీవారు మాట్లాడనక్కర్లేదు, మీరూ మాట్లాడనక్కర్లేదు. ఉపదేశి గారికి (ఊళ్ళో ఫాదర్‌కు సాయంగా ఉండి బోధించేవారికి) ఒక్క ఫోన్ చేసి, "అత్తమ్మకు బాగాలేదు, ఫాదర్ గారిని రమ్మని చెప్పండి" అంటే చాలు. ఆయన్ని ఇంట్లో చూడలేనంటే మీవారు ఆ గంటసేపు పొలం వైపు వెళ్ళిరావచ్చు. అందులో తప్పేమీ లేదు.

మన పల్లెల్లో అవస్థాభ్యంగనం (రోగికి ఫాదర్ పవిత్ర తైలం పూసి ప్రార్థించే సంస్కారం) అనగానే ప్రాణం పోయే ముందు ఇచ్చేదన్న భయం ఇంకా ఉంది. అందుకే చాలా ఇళ్ళల్లో ఫాదర్‌ని మరీ ఆలస్యంగా పిలుస్తారు. అది చివరి ఘడియలో ఉన్నవాళ్ళకు మాత్రమే కాదని కతోలిక బిషప్‌ల రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. జబ్బు వల్లనో వయసు వల్లనో ప్రమాదం మొదలైనప్పుడే తీసుకోవచ్చు. మీ ఫాదర్ ఏ కారణం చేతనైనా రాకపోతే పక్క విచారణ (ఒక ఫాదర్ కింద ఉండే గుడి పరిధి) ఫాదర్‌ని పిలవండి. తగిన కారణం ఉంటే, విచారణ గురువు అనుమతి ఉన్నట్టే భావించి వేరే గురువు కూడా ఆ తైలం పూయవచ్చని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో ఉంది.

ఇక మీ సంగతి. ఈ బాధ మీ ఒక్కరిదీ కాదు, ఈ కాలానిదీ కాదు. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలో ఇదే గొడవ మీద శ్రీసభ రెండుగా చీలింది. రోమా చక్రవర్తి హింసలప్పుడు భయపడి పవిత్ర గ్రంథాలను అధికారులకు అప్పగించిన గురువులు, పీఠాధిపతులు కొందరున్నారు. అలాంటివాళ్ళు ఇచ్చిన సంస్కారాలు చెల్లవని దొనాతు వర్గం పట్టుబట్టింది. అక్కడి బిషప్ పునీత అగస్టీను దానికి ఒప్పుకోలేదు. పేతురు జ్ఞానస్నానం ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే, చివరికి యూదా ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే అన్నాడు. 1547లో త్రెంతు మహాసభ కూడా, గురువు చావైన పాపంలో (ఆత్మకు చేటు తెచ్చే ఘోర పాపంలో) ఉన్నా ఆయన విధిప్రకారం ఇచ్చిన సంస్కారం చెల్లుతుందని తేల్చింది. మీ ఫాదర్ అంత పాపం చేశారని నేననడం లేదు. కోపిష్ఠి కావచ్చు, మాట పడనివారు కావచ్చు. ఆయన స్వభావాన్ని బట్టి ఆ అప్పంలో మీకు అందేది తగ్గదు, పెరగదు. ఈ బోధ ఉన్నది విశ్వాసుల ధైర్యం కోసం. దీన్ని అడ్డం పెట్టుకుని "గురువుని ఏమీ అనకూడదు" అని నోళ్ళు మూయించే పెద్దలు కొందరుంటారు, వాళ్ళ మాట పట్టించుకోకండి.

ఇదంతా బుర్రకు ఎక్కినా ఆ వరుసలో నిలబడేసరికి కాళ్ళు ఆగిపోవచ్చు. అలాంటప్పుడు సిస్టర్ గారు సత్ప్రసాదం ఇచ్చే వరుస ఉంటే అందులో నిలబడండి. అదీ కుదరకపోతే కొన్నాళ్ళు పక్క ఊరి గుడికి వెళ్ళండి. ఆదివారం పూజ సొంత విచారణలోనే వినాలన్న నియమం లేదు, కతోలిక పూజ ఎక్కడ జరిగినా, శనివారం సాయంత్రం పూజ అయినా సరిపోతుంది. పాపసంకీర్తనమైతే ఇంకా సులువు. ఎవరి దగ్గర చెప్పుకోవాలన్నది పూర్తిగా మీ ఇష్టం, శ్రీసభ చట్టమైన కానన్ లా 991వ నియమం ఆ స్వేచ్ఛ మీకిచ్చింది. గుణదలకో, గుంటూరు పట్టణంలోని ఏదైనా గుడికో వెళ్ళి, మిమ్మల్ని ఎరగని ఫాదర్ దగ్గర చెప్పుకోండి. ఇన్నాళ్ళూ పూజ మానేసిన సంగతి కూడా అక్కడే చెప్పండి. వేరే చోటికి వెళ్ళానని మీ ఫాదర్‌కు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

"మనసులో ఇంత కోపం పెట్టుకుని సత్ప్రసాదం ఎలా తీసుకోను" అన్న ప్రశ్న మీకు వస్తుంది. బలిపీఠం దగ్గర కానుక విడిచి ముందు సోదరునితో సమాధానపడమన్న మత్తయి సువార్త మాట మీకు గుర్తొచ్చే ఉంటుంది. గాయపడటం పాపం కాదమ్మా. ఆయన్ని చూస్తే గుండె దడదడలాడటం కూడా పాపం కాదు. ఆయనకు కీడు జరగాలని కోరుకుంటూ, ఆ కోరికను పెంచి పోషించుకుంటుంటే మాత్రం అది పాపసంకీర్తనంలో చెప్పాల్సిన మాట. సమాధానపడటమంటే ఆయన చేసింది ఒప్పు అనడం కాదు, స్నేహం చేయమనీ కాదు.

లెక్కల విషయంలో న్యాయం మీవారి వైపే ఉంది. విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు వాళ్ళకు లెక్క చెప్పాలని శ్రీసభ చట్టమే అంటోంది. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ప్రసంగపీఠం ఒకరిని పది మందిలో కించపరచడానికి ఉన్నది కాదు. అయితే పండుగ సందడిలో నలుగురి ముందు అడగడం వల్ల ఆయనకు అది లెక్కలా కాక పరువు సమస్యలా తోచి ఉండవచ్చు. ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మీవారు ఒకసారి ఆయన గదికి వెళ్ళి మాట్లాడితే బాగుంటుంది. దానితో తెగకపోతే మేత్రాసన (బిషప్ గారి పరిధి) కార్యాలయానికి, బిషప్ గారి పేరున ఉత్తరం రాయండి. జరిగింది తేదీలతో రాసి, సంతకం పెట్టి, ఒక నకలు దగ్గర ఉంచుకోండి. ఆకాశరామన్న ఉత్తరాలు వద్దు. దయచేసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అక్కడికి చేరిన తగాదా ఏ బిషప్ గారి తరమూ కాదు. ఎలాగూ బదిలీ అవుతారు కదా అని ఊరుకోమనేవాళ్ళూ ఉంటారు. బదిలీ అయ్యేలోపు మీ పాప ఈడు దాటిపోతుంది.

పాపను మాత్రం మీ గుడిలోనే, తన తోటి పిల్లలతోనే నిలబెట్టండి. ఈ వారమే ఉపదేశానికి పంపండి. పిల్లలను సిద్ధం చేయడం ముందుగా తల్లిదండ్రుల బాధ్యత, ఆ తర్వాతే విచారణ గురువుది. తగినట్టు సిద్ధపడి అడిగిన వాళ్ళకు, చట్టపరమైన అడ్డేమీ లేనప్పుడు గురువు సంస్కారం నిరాకరించకూడదు, ఇది కానన్ లా 843వ నియమం. తండ్రి మీద కోపంతో బిడ్డను ఆపుతారని నేననుకోను. ఆపితే కారణం ఏమిటో అడిగి, అదే మాట బిషప్ గారికి రాయండి. ఇంట్లో మాత్రం పాప వినేలా ఫాదర్ గురించి మాట్లాడుకోకండి. తొలిసారి సత్ప్రసాదం తీసుకునే పిల్లకు పెద్దల తగాదా అంటించకూడదు.

మీ ఉత్తరం చదివే మరొకరికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీది కోపతాపాల తగాదా కాబట్టి ఇలా చెప్పాను. గురువు పిల్లల మీద చెయ్యి వేసినా, ఆడవాళ్ళతో అసభ్యంగా నడిచినా అది సర్దుకుపోయే విషయం కాదు. పిల్లల విషయమైతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, 1098కి ఫోన్ చేయవచ్చు. పాపసంకీర్తన రహస్యం బయటపెట్టారంటే అది శ్రీసభలో అతి పెద్ద నేరాల్లో ఒకటి, నేరుగా బిషప్ గారికి చెప్పాలి.

పాస్టర్ గారి ప్రార్థన గురించి చెడుగా అనను, అక్కడా దైవభక్తి గలవారున్నారు. కానీ మీవారిని అక్కడికి నడిపిస్తున్నది ఆ ప్రార్థన మీద ఇష్టం కాదు, ఈ ఫాదర్ మీద అలక. అలిగి మారిన గుడిలో రేపు చందా లెక్క తేడా వస్తే ఇంకెక్కడికి వెళ్తారు? అది మీరు వాదనగా అనకండి, ఆయన పరువు దెబ్బతిన్న మనిషి. "నువ్వు అడిగింది న్యాయమే" అన్న మాట ఇంట్లో మీ నోటి నుంచి ఆయన ఒకసారి వినాలి. ఆ తర్వాత, పూజకు వస్తారా రారా అన్నది ఆయనకే వదిలేయండి. మీరూ పాపా ఈ ఆదివారం నుంచే వెళ్ళండి. పాప మొదటి సత్ప్రసాదం రోజున పక్కన నిలబడమని మాత్రం ఆయన్ని పాప చేతే అడిగించండి.