గద్దా ఎలుకా: నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మన గద్దనీ, ఆస్ట్రేలియాలో అంతరించిపోయిన బ్రాంబుల్ కే మెలోమిస్ అనే ఎలుకనీ పక్కపక్కన పెట్టాలనుకోవడం బాగుంది, కానీ రెండో పేరాలోనే "బలమున్నది బతికింది, లేనిది పోయింది" అని తేల్చేశావు చూడు, అక్కడే నాకు చిరాకేసింది.

ఆ ఎలుక చేతకాక పోలేదయ్యా. 1845లో ఓడవాళ్లు సరదాకి బాణాలేసి కొట్టినా తట్టుకుంది, 1978 నాటికీ వందల్లో ఉంది. దానికున్న లోకమల్లా టోరెస్ జలసంధిలో ఒక చిన్న ఇసుక దిబ్బ, ఎత్తు మహా అయితే మూడు మీటర్లు. ఉప్పునీళ్లు మాటిమాటికీ ఎక్కేసరికి, 2004లో అయిదెకరాల పైన ఉన్న పచ్చిక 2014 మార్చికి పదహారు సెంట్లకి వచ్చింది. పదహారు సెంట్లంటే ఎంతో నీకు తెలుసుగా, ఇల్లు కట్టుకుని పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు వేసుకుంటే అయిపోతుంది. ఆ ఏడాది బోన్లు, కెమెరాలు పెట్టి వెతికినా ఒక్కటీ దొరకలేదు. 2009లో చేపలు పట్టే ఒకాయన చూసిందే ఆఖరు. ఇవేవీ రాయకుండా "పాపం చిట్టి ప్రాణి" అని మూడుసార్లు రాశావు. నువ్వూ నేనూ చూడలేనిదాని గురించి రాస్తున్నప్పుడు సెంట్లు, సంవత్సరాలే దిక్కు.

గద్ద దగ్గర తప్పు ఇంకో రకం. రోజూ కనబడేదే కదా అని అసలు చూడనే లేదు, "రాజసంగా గిరికీలు కొట్టే" అని ఎక్కడిదో తెచ్చి పెట్టావు. నేనూ తక్కువ తినలేదులే. గద్ద తోక విసనకర్రలా ఉందని ఒక కథలో రాస్తే, మా వీధిలో చేపలమ్మే ఆవిడ విని నవ్వింది: "మధ్యలో చీలిక ఉంటుంది నాయనా, ఎప్పుడూ తలెత్తి చూళ్లేదా?"

అన్నట్టు, ఇదే గద్ద ఉత్తర ఆస్ట్రేలియాలోనూ ఉంది. అక్కడ గడ్డి తగలబడితే మంటల అంచున తిరుగుతూ, పారిపోయే పురుగుల్నీ బల్లుల్నీ పట్టుకుంటుంది. ఇక్కడ చెత్తకుప్ప దొరికితే చాలు, గూట్లో గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కూడా పెట్టుకుంటుంది. అంటే బలం కాదు, దేనికైనా సర్దుకుపోవడం. నీ రెండో పేరా ఇటు తిప్పు.

ఆదివారం పొద్దున చికెన్ షాపు వెనక ఒక గంట నిలబడు, ఫోన్ జేబులోనే ఉంచు. తోలు పారేసినప్పుడు గద్ద నేలమీద వాలుతుందా, వాలకుండానే కాళ్లతో అందుకుని పోతుందా, తోక ఎటు తిప్పుతుందో చూసి రాసి పంపు. పేరు మాత్రం మార్చకు, అది బాగుంది.