చీటీ పాడి పాత రిసీవర్ కొనొచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హనుమకొండలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. నెలకు చేతికి 52,000 వస్తుంది. అద్దె 11,000, ఇంటి ఖర్చులు 20,000, అమ్మకు పంపేది 4,000, బైక్ ఈఎంఐ 3,800 (ఇంకా 9 నెలలుంది). రిజిస్టర్డ్ కంపెనీలో లక్ష రూపాయల చీటీ వేశాను. 20 నెలలది, నెలకు 5,000, ఇప్పటికి 7 కట్టాను. బ్యాంకులో 1,40,000 ఉంది. భార్య, నాలుగేళ్ల పాప నా మీదే ఆధారపడి ఉన్నారు. నాన్నగారు పోయాక ఆయన ఎల్పీ రికార్డులు నా దగ్గరకు వచ్చాయి. 1970ల నాటి మరాంట్జ్ 2230 రిసీవర్ (యాంప్లిఫయర్, రేడియో కలిసిన సెట్) ఒకటి 60,000కు దొరుకుతోంది. దానికి 40,000 పెట్టి కొత్త స్పీకర్లు తీసుకుందామనుకుంటున్నాను. రిసీవర్ కోసం చీటీ పాడితే ఇప్పుడు 78,000 చేతికి వస్తుంది. స్పీకర్లకు నో కాస్ట్ ఈఎంఐ ఉంది. అమ్మే ఆయన ఇది ఇన్వెస్ట్‌మెంట్ అంటున్నారు, ఏటా రేటు పెరుగుతుందట. నా ఫ్రెండేమో 30 వాట్లు చాలవు, 2270 చూడమంటున్నాడు. మా హాలు 10 అడుగులకు 12. ఏం చేయమంటారు?

జవాబు: కొనండి. కానీ చీటీ పాడొద్దు, రిసీవర్‌తో మొదలుపెట్టొద్దు.

ముందు చీటీ సంగతి. మీరు చివరిదాకా ఆగితే, కంపెనీ కమీషన్ 5 శాతం పోయినా 95,000 వస్తుంది. ఇప్పుడే పాడితే 78,000. రెండు దారుల్లోనూ మిగిలిన 13 వాయిదాలు మీరు కట్టాల్సిందే. అంటే 13 నెలలు ముందుగా తీసుకున్నందుకు 17,000 వదులుకుంటున్నారు. వడ్డీ లెక్కలో చెప్పాలంటే ఏడాదికి దాదాపు 20 శాతం. ఆసుపత్రి ఖర్చో, పాప ఫీజో మీద పడితే చీటీ పాడటంలో తప్పు లేదు, అది ఉన్నదే అందుకు. పాటలు వినడానికి ఆ రేటు మరీ ఎక్కువ. అలా చూస్తే 60,000 రిసీవర్ మీకు 77,000 పడుతుంది, అదీ ఇంకా ప్లగ్గులో పెట్టకముందే.

నో కాస్ట్ ఈఎంఐ అంత ప్రమాదకరమేమీ కాదు, అలాగని ఉచితమూ కాదు. 40,000 సరుకును 9 నెలలకు పెట్టారనుకుందాం. బ్యాంకు వడ్డీ 16 శాతమైతే ఆ వడ్డీ 2,550 దాకా అవుతుంది. దాన్ని అమ్మకందారు ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తాడు కాబట్టి మీకు కనిపించదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే. ప్రాసెసింగ్ ఫీజు ఒక 200, దాని మీద మళ్లీ జీఎస్టీ. అన్నీ కలిపి దాదాపు 700. దీనికంటే నన్ను కలవరపెట్టేది నెలకు 4,444 వాయిదా. మీ ఖర్చులన్నీ పోను మిగిలేది 8,200. అందులో సగానికి పైగా దీనికే పోతుంది.

పైగా ప్రైవేట్ కాలేజీ ఉద్యోగం. మీ కాలేజీ ఎలాంటిదో నాకు తెలియదు గానీ, వేసవి రెండు నెలలు జీతం ఆపేసే యాజమాన్యాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. మీరు ప్రస్తుతం నెలకు 43,800 ఖర్చు చేస్తున్నారు. బ్యాంకులోని 1,40,000 మూడు నెలలకు కొంచెం పైన సరిపోతుంది, అంతే. ఆ డబ్బును ముట్టుకోకుండా కొనాలనుకున్నారు చూడండి, అది నాకు నచ్చింది. టర్మ్ పాలసీ, కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నాయో లేదో రాయలేదు. లేకపోతే స్పీకర్ల కంటే ముందు అవే. నేను కింద చెప్పే తేదీలన్నీ ఆ ప్రీమియానికి తగ్గట్టు కొన్ని నెలలు వెనక్కి జరుగుతాయి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రికార్డ్ ప్లేయర్ మాట ఎక్కడా లేదు. లక్ష రూపాయలు పెట్టాక కూడా నాన్నగారి ఎల్పీలు అట్టపెట్టెలోనే ఉంటాయి! ఇంట్లో పాతది ఉంటే సరే, దాని బెల్టు, పిన్ను మార్పించాలి. లేకపోతే కొత్తది 15,000 నుంచి 20,000 అవుతుంది. సూట్‌కేసు ఆకారంలో, లోపలే స్పీకర్లతో ఐదారు వేలకు వచ్చేవాటి జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటిలో చాలావాటి పిన్ను రికార్డు మీద మామూలు కంటే ఎక్కువ బరువుతో ఆనుతుంది, గాడి అరిగిపోతుంది. ఆ రికార్డులు మళ్లీ దొరకవు కదా.

పాత రిసీవర్‌లో నిజంగా డబ్బు ఆదా చేసే సంగతి ఇక్కడే ఉంది. యాంప్లిఫయర్, రేడియో ట్యూనర్, రికార్డ్ ప్లేయర్ పెట్టుకునే ఫోనో ఇన్‌పుట్, ఈ మూడూ ఒకే డబ్బాలో ఉంటాయి. ఇప్పటి చౌక యాంప్లిఫయర్లలో ఫోనో ఇన్‌పుట్ సాధారణంగా ఉండదు. కానీ ఇప్పుడొస్తున్న తక్కువ ధర టర్న్‌టేబుళ్లలో, అంటే రికార్డ్ ప్లేయర్లలో, చాలావాటికి ఫోనో ప్రీయాంప్ (పిన్ను నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను పెంచేది) లోపలే ఉంటోంది. అలాంటిది తీసుకుంటే ఏ చిన్న యాంప్లిఫయర్‌కైనా నేరుగా కలుపుకోవచ్చు. ఆ లెక్కన రిసీవర్ మీకు అవసరం కాదు, ముచ్చట. ముచ్చటకు నేను అడ్డం రాను, వరసలో చివరికి పంపిస్తాను.

డబ్బు ఎక్కడ ఎక్కువ పెట్టాలంటే స్పీకర్ల మీదే. చెవికి తెలిసే తేడా అక్కడే ఎక్కువ. మీ హాలుకు నేల మీద నిలబెట్టే పెద్ద టవర్లు అక్కర్లేదు. వాటిని గోడకు దూరంగా జరిపే చోటు 10 అడుగుల గదిలో ఉండదు, మూల పట్టేస్తే బేస్ గుమ్ముమంటూ మాటలను మింగేస్తుంది. ఐదారు అంగుళాల వూఫర్ (బేస్ పలికే భాగం) ఉన్న బుక్‌షెల్ఫ్ జత, అంటే అరలో పట్టే చిన్న స్పీకర్లు చాలు. వార్ఫ్‌డేల్, పోల్క్, డాలీ, ఎలాక్ లాంటి కంపెనీల చిన్న మోడళ్లు చూడండి. ప్యాసివ్ స్పీకర్లే తీసుకోండి, అంటే లోపల యాంప్లిఫయర్ లేనివి. రేపు రిసీవర్ వచ్చినా ఇవే పనికొస్తాయి. ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు) 8 ఓమ్స్, లేదంటే 6. 4 ఓమ్స్ స్పీకర్లు తగిలిస్తే కొన్ని పాత సెట్లు మరీ వేడెక్కుతాయి. సెకండ్ హ్యాండ్‌లో బేరం ఆడదగ్గ వస్తువు కూడా నా దృష్టిలో స్పీకర్లే, చెడిపోయే భాగాలు తక్కువ. కోన్ చుట్టూ ఉండే రింగు రబ్బరుదా, ఫోమ్‌దా అని చూడండి. రబ్బరుదైతే చాలా ఏళ్లు వస్తుంది. ఫోమ్ పది, ఇరవై ఏళ్లలో పొడిపొడి అయిపోతుంది, మన తేమకు ఇంకా త్వరగా. కోన్‌ను రెండు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. లోపల రాసుకుంటున్న చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) పోయినట్టే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

మీ ఫ్రెండ్ చెప్పిన వాట్ల విషయం. మరాంట్జ్ 2230 అంటే చానెల్‌కు 30 వాట్లు, 2270 అంటే 70. అంకెల్లో చూస్తే రెట్టింపుకు పైగా అనిపిస్తుంది, చెవికి మాత్రం అలా వినిపించదు. పవర్ రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్. 30 నుంచి 70కి వెళ్తే నాలుగు డెసిబెల్స్ కూడా రాదు, వాల్యూమ్ నాబ్ కొద్దిగా తిప్పినంత. 87 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒక్క వాటుకే మీటరు దూరంలో గట్టిగా మోగుతుంది. మీ హాల్లో, పక్క వాటావాళ్లు తలుపు కొట్టకుండా వినాలంటే వాడేది ఐదు వాట్ల లోపే. మన షాపుల్లో ‘5000 వాట్స్ పీఎంపీఓ’ అని ఉబ్బించి చెప్పే స్టిక్కర్లు చూసి చూసి 30 అంటే చిన్నచూపు పడింది. అమెరికాలోనూ ఒకప్పుడు ఇలాంటి గొప్పలే నడిస్తే 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాట్లు ఎలా కొలిచి చెప్పాలో రూల్ పెట్టింది. ఆ కాలపు మంచి కంపెనీల 30 వాట్లు నిజమైన 30 వాట్లు.

ఇక రిసీవర్ అసలు ధర. మరాంట్జ్ అప్పట్లో సూపర్‌స్కోప్ అనే అమెరికా కంపెనీ చేతిలో ఉండేది, సెట్లు జపాన్‌లో తయారయ్యేవి, ఎక్కువగా అమ్ముడుపోయింది అమెరికాలో. అందుకే వెనకవైపు లేబుల్ చదవకుండా బేరం మొదలుపెట్టొద్దు. 120 వోల్ట్స్ అని ఉంటే మన 230 ప్లగ్గులో నేరుగా పెట్టిన క్షణంలో కథ ముగుస్తుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, రెండు మూడు వేలు. జపాన్ లోకల్ మార్కెట్ సెట్ అయితే 100 వోల్ట్స్, పైగా దాని ఎఫ్‌ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే. హైదరాబాద్ రెయిన్‌బో 101.9లో, మిర్చి 98.3లో వస్తాయి. అంత అందమైన డయల్ వెలుగుతుంది, ఒక్క స్టేషనూ పలకదు.

చూడటానికి వెళ్లేటప్పుడు ఫోన్, దాన్ని సెట్‌కు కలిపే ఆర్‌సీఏ కేబుల్, హెడ్‌ఫోన్స్, 300 రూపాయల మల్టీమీటర్ పట్టుకెళ్లండి. చల్లగా ఉన్న సెట్‌నే ఆన్ చేయమనండి, మీరు వెళ్లేసరికే పాడుతూ ఉంటే అనుమానించాలి. స్పీకర్ వైర్లు పీకి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ మిల్లీవోల్ట్స్ కొలవండి. 50 లోపు ఉంటే ఫర్వాలేదు. 100 దాటితే ఆ సెట్‌లో ఏదో లోపం ఉన్నట్టే, బాగుచేయించకుండా స్పీకర్లు తగిలించొద్దు. తర్వాత ప్రతి నాబూ, ప్రతి స్విచ్చూ తిప్పండి. కరకర వస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో పోయేదే, దాన్ని చూపించి రేటు తగ్గించుకోండి. ఒక పక్క శబ్దం వస్తూ పోతూ ఉంటే, వాల్యూమ్ సున్నాలో కూడా గుయ్‌మంటుంటే అది లోపలి రోగం. గంటసేపు మోగించి పైన చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉండాలి, చెయ్యి తీసేసేంత కాలకూడదు.

ఇవన్నీ పాసైనా యాభై ఏళ్ల కెపాసిటర్లు ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సిందే. విడిభాగాలకు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ ఉంది, కానీ ఇలాంటి సెట్ విప్పి సరిగ్గా మూసే మెకానిక్‌లు తగ్గిపోతున్నారు. డజను కేజీల పైన ఉండే పెట్టెను ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని రెండు మూడుసార్లు తిరిగే పని కూడా ఖర్చే. నేనైతే ధరలో నాలుగో వంతు రిపేరుకు పక్కన పెట్టనిదే ఏ పాత సెట్‌కూ సరే అనను. పయనీర్‌తో సహా కొన్ని మోడళ్లలో పవర్ ఐసీలు (స్పీకర్లకు పవర్ ఇచ్చే చిప్‌లు) ఉంటాయి, ఎస్‌టీకే అంటారు. అవి తయారీ ఆగిపోయినవి, మార్కెట్లో నకిలీలు ఎక్కువ. ఐసీ పోయిందంటే సెట్ పోయినట్టే అనుకోండి.

‘ఇన్వెస్ట్‌మెంట్’ అన్న మాటకు ఒకటే పరీక్ష. రేటు పెరుగుతుందని అంత నమ్మకముంటే రెండేళ్ల తర్వాత 65,000కు తిరిగి కొంటానని కాగితం మీద రాసివ్వమనండి. ప్రకటనల్లో కనిపించేది అమ్మేవాళ్లు అడిగే రేటు, చేతులు మారిన రేటు కాదు. వడ్డీ రాదు, అద్దె రాదు, రిపేరు మాత్రం వస్తుంది. అర్జెంటుగా డబ్బు కావాల్సిన రోజు కొనేవాడు దొరకడు.

ఇక నా ప్లాన్. మీ 8,200లో నెలనెలా 4,000 ఆడియోకు, 4,200 బ్యాంకుకు. ఏడు నెలలకు 28,000 అవుతుంది. అందులో 21,000, 22,000లో స్పీకర్లు, ఐదారు వేలలో చిన్న క్లాస్ డీ యాంప్లిఫయర్. ఆ రోజు నుంచే ఫోన్‌లోంచి పాటలు మొదలు. 9వ నెలతో బైక్ ఈఎంఐ తీరుతుంది, ఆ 3,800ను కూడా దీనికే కలపండి. 11వ నెలకు టర్న్‌టేబుల్ డబ్బు చేతిలో ఉంటుంది. 13వ నెలలో చీటీ ముగిసి 95,000 వస్తుంది, అందులో పైసా కూడా దీనికి వాడొద్దు, ఎమర్జెన్సీ ఫండ్‌లోకి. అప్పటికి అప్పులూ చీటీ లేకుండా మీ నెల ఖర్చు 35,000. ఆరు నెలలకు 2,10,000 కావాలి, మీ దగ్గర 2,80,000 పైనే ఉంటుంది. 15వ నెల దాటేసరికి ఆడియో డబ్బు మళ్లీ 36,000 దాకా చేరుతుంది. రిపేరు, ట్రాన్స్‌ఫార్మర్ కలుపుకుని రిసీవర్‌కు మీ బడ్జెట్ అదే. ఆ ధరలో వెండి రంగు ముఖం ఉన్న 1970ల మరాంట్జ్ కష్టమే, కానీ 1980ల నల్ల ముఖం టెక్నిక్స్, కెన్‌వుడ్, యమహా సెట్లను చూడండి. ఫోనో ఇన్‌పుట్ వాటికీ ఉంటుంది, మోజు తక్కువ కాబట్టి రేటూ తక్కువ. లేదు, మరాంట్జే కావాలి అనిపిస్తే ఇంకో ఆరు నెలలు ఆగి కొనేయండి. అప్పుడు నన్ను అడగక్కర్లేదు.

ఇప్పటి 60,000 సెట్‌కు అడ్వాన్స్ ఇచ్చారా లేదా రాయలేదు. ఇవ్వకపోతే ఇవ్వొద్దు. ‘ఇంకో పార్టీ వస్తోంది, సగం ఫోన్‌పే చేయండి’ అంటే వదిలేయండి. రేపు మీరు ఏదైనా ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు కూడా, డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే అది మోసమే, డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.