జ్వరం, మచ్చలు, వాంతులు: ముందు గ్లాసుతో నొక్కి చూడండి

మూడేళ్ల బాబుకి మూడు రోజులుగా జ్వరం, ఒంటిమీద ఎర్రమచ్చలు, తాగింది తాగినట్టే కక్కేస్తున్నాడు అన్నారు కదండీ. గాజు గ్లాసు పక్కభాగాన్ని మచ్చ మీద గట్టిగా నొక్కి, గాజులోంచి చూడండి. ఎరుపు పోకుండా అలాగే కనిపిస్తే చర్మం కింద రక్తం చిమ్మినట్టు. తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. ఎరుపు పోయినా ఈరోజే డాక్టరుకి చూపించాలి. వానాకాలం కదా, డెంగీ కూడా కావచ్చు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, కిలోకి 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి. 12 కిలోలుంటే 180. సిరప్ 5 మి.లీ.లో 120 ఉంటే 7.5 మి.లీ., 250 ఉంటే 3.6 మి.లీ. చాలామంది పొరబడేది ఇక్కడే, సీసా చూసి పోయండి. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ వద్దే వద్దు. డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది.

వాంతయ్యాక పది నిమిషాలాగి, ఓఆర్ఎస్ రెండు నిమిషాలకో చెంచా. గ్లాసుడు ఒకేసారి పడితే మళ్లీ కక్కేస్తాడు.

జ్వరం దిగాక కడుపునొప్పి, చల్లబడ్డ చేతులు, మగత, ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోవడం కనిపిస్తే వెంటనే పరుగెత్తండి.