పాట అందుకోగానే కన్నీళ్లు, ఆలోచిస్తే అపనమ్మకం: ఏది నిజం?

ప్రశ్న: నా వయసు 34. క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగాను. 15వ ఏట బాప్తిస్మం తీసుకున్నాను. సంఘంలో పాటలు పాడతాను, సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెబుతాను. రెండేళ్లుగా నా విశ్వాసం కొద్దికొద్దిగా జారిపోతోంది. సువార్తల్లో ఒకదానితో ఒకటి పొసగని చోట్లు, జవాబు రాని ప్రార్థనలు, పసిపిల్లల బాధలు... వీటి గురించి ఆలోచిస్తుంటే పునరుత్థానాన్ని కూడా నమ్మలేకపోతున్నాను. కానీ ఆదివారం ఆరాధనలో పాట మొదలైతే కన్నీళ్లు ఆగవు. రాత్రిళ్లు నరక భయంతో మెలకువ వస్తోంది. బుద్ధి చెప్పేది నిజమా, మనసు చెప్పేది నిజమా? పెద్దలేమో "తలతో కాదమ్మా, హృదయంతో నమ్మాలి" అంటారు. నా భర్త గట్టి విశ్వాసి, ఆయనకు ఇంకా చెప్పలేదు. మాకు ఆరేళ్ల పాప ఉంది. అమ్మకు తెలిస్తే కుంగిపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ మీద మోపుకున్న నేరాన్ని దించండి. సందేహం ద్రోహం కాదు. 88వ కీర్తన ఊరట మాటతో ముగియదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బు చేసిన కొడుకును తెచ్చిన తండ్రి నమ్మకాన్నీ అపనమ్మకాన్నీ ఒకే మాటలో ఒప్పుకుంటాడు. సందేహపడేవాళ్ల మీద కనికరం చూపమని యూదా పత్రిక 22వ వచనం చెబుతుంది. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక, దేవుని సన్నిధి తనకు తెలియడం లేదని ఆమె దశాబ్దాల తరబడి ఎంత వేదన పడ్డారో లోకానికి బాగా తెలిసింది. మిమ్మల్ని తిరిగి విశ్వాసంలోకి లాగాలని ఇవన్నీ చెప్పడం లేదు. తప్పు చేస్తున్నానన్న బాధలో ఉన్న మనిషికి ఆలోచన సాగదు, అందుకే ముందు అది దిగాలి.

ఇంకో విషయం కూడా ముందే తేల్చుకోవాలి. ప్రార్థనలో ఏమీ అనిపించని రోజులుంటే, అది అక్కడ మాత్రమేనా, లేక పాపతో ఆడుకునేటప్పుడు, స్నేహితులతో మాట్లాడేటప్పుడు, ఇష్టమైన పని చేసేటప్పుడు కూడా అలాగే ఉందా? రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, దానితో పాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతిన్నా అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు మొదట చూడాల్సింది మానసిక వైద్యుణ్ని. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లండి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకు దేవుడే కాదు, మనుషులు కూడా దూరమైనట్లే ఉంటుంది. ఆ స్థితిలో విశ్వాసం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వద్దాం. బుద్ధి, మనసు ఒకే ప్రశ్నకు రెండు జవాబులు చెబుతున్నాయని మీరు అనుకుంటున్నారు. నా ఉద్దేశంలో అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మీకు ఏది ప్రియమో కన్నీళ్లు చెబుతాయి. చిన్నప్పుడు మీలో ఏది నాటుకుపోయిందో భయం చెబుతుంది. యేసు మృతుల్లోనుంచి లేచాడా లేదా అన్నది మూడో ప్రశ్న. దానికి కన్నీళ్లూ జవాబు చెప్పలేవు, భయమూ చెప్పలేదు.

కన్నీళ్ల సంగతి కొంచెం దగ్గరగా చూడండి. రాబోయే నాలుగు ఆదివారాలు ఇంటికి రాగానే ఒక కాగితం మీద రాసుకోండి: ఏ పాటలో, సరిగ్గా ఏ చోట కళ్లు చెమర్చాయి? మాటలు మొదలుకాక ముందే, వట్టి రాగానికే వస్తే అందులో ఎక్కువ పాలు జ్ఞాపకానిది. ఎన్నటికీ విడిచిపెట్టని ప్రేమ గురించిన చరణంలో వస్తే, మీ లోపలి ఒంటరితనం మాట్లాడుతోంది. క్షమాపణ గురించిన చరణంలో అయితే, ఎక్కడో మోస్తున్న అపరాధ భావం ఉండవచ్చు. వందమంది కలిసి ఒకే ఊపిరిగా పాడుతుంటే గుండె కరగడం ఇతర మతాలవాళ్లకు వాళ్ల భజనల్లో, వాళ్ల ప్రార్థనల్లో కూడా జరుగుతుంది. కాబట్టి కన్నీళ్లు వచ్చాయి గనుక ఈ సిద్ధాంతమే నిజం అనలేం. అలాగని, కన్నీళ్లు ఎలా వస్తాయో తెలిసింది గనుక దేవుడు లేడనీ అనలేం. బిడ్డను ఎత్తుకున్నప్పుడు పొంగే ప్రేమ వెనుక కూడా హార్మోన్లున్నాయి, అంతమాత్రాన చేతిలో బిడ్డ లేదనం కదా. ఈ రెండో పొరపాటు విశ్వాసం వదిలేస్తున్నవాళ్లు ఎక్కువగా చేస్తారు.

భావోద్వేగాన్ని పూర్తిగా పక్కకు నెట్టేసి వట్టి బుద్ధితో తేల్చుకుంటానని కూడా అనుకోవద్దు. నుదుటి వెనుక మెదడు భాగం దెబ్బతిని, తెలివితేటలు చెక్కుచెదరకుండా భావోద్వేగాలు మాత్రం మొద్దుబారినవాళ్లను నాడీ శాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో పరిశీలించి 1994లో పుస్తకం రాశారు. వాళ్లు చిన్న చిన్న నిర్ణయాలు కూడా తీసుకోలేకపోయారు. ఏది ముఖ్యమో చెప్పేది భావోద్వేగమే. ఏది నిజమో తేల్చే పనిని మాత్రం దానికి అప్పగించకూడదు.

రాత్రి భయానికి వేరే పద్ధతి ఉంది. నమ్మకం పోయిన చాలా కాలానికి గానీ దాని తాలూకు భయం పోదు, ఎందుకంటే అది ఆలోచనగా కాక శరీరానికి అలవాటుగా నేర్పిన విషయం. మెలకువ వచ్చినప్పుడు నరకం ఉందా లేదా అని వాదన పెట్టుకోకండి. ఆ వేళ ఎంత మంచి వాదనైనా పది నిమిషాలే పనిచేస్తుంది, మళ్లీ కొత్త అనుమానం పుడుతుంది. "ఇది భయం. ఇది రుజువు కాదు. రేపు పగలు చూస్తాను" అని మెల్లగా పైకి అనండి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఫోన్‌లో వెతకడం, క్షమించమని అదే ప్రార్థన మళ్లీ మళ్లీ చేయడం, ఇవి ఆ క్షణానికి హాయినిచ్చి మరుసటి రాత్రికి భయాన్ని పెంచుతాయి. పగలు 20 నిమిషాలు కేటాయించుకుని ఆ భయాన్ని కాగితం మీద పెట్టండి. ఇలాంటి ఆలోచనలకూ పదేపదే చేసే ప్రార్థనలకూ రోజుకు గంటకు మించి పోతుంటే అది ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, ఆపుకోలేక మళ్లీ మళ్లీ చేసే పనులు ఉండే మానసిక సమస్య) కావచ్చు. దానికి మంచి చికిత్స ఉంది, విశ్వాసులకైనా కానివాళ్లకైనా.

బుద్ధితో చేయాల్సిన పనికి ఒక నోట్‌బుక్ తీసుకోండి. మీరు నమ్మకం పోతోంది అంటున్నది ఒక్కటి కాదు, అందులో కనీసం ఆరు విషయాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేజీ: దేవుడు ఉన్నాడు. యేసు తిరిగి లేచాడు. బైబిల్లో ఒక్క తప్పూ లేదు. ప్రార్థనకు జవాబు వస్తుంది. నమ్మనివాళ్లకు నిత్య నరకం. మా సంఘం చెప్పే అర్థమే సరైనది. ప్రతి పేజీలో ఈ రోజు మీకు ఎంత నమ్మకం ఉందో 0 నుంచి 100 లోపు ఒక అంకె వేయండి. ఆ అంకె మారాలంటే ఏం తెలియాలో రాయండి. పేజీ పైన ఇంకో వాక్యం తప్పకుండా ఉండాలి: ఇది నిజమైతే బాగుండునని ఉందా, అబద్ధమైతే బాగుండునని ఉందా? నమ్మకానికే కాదు, సందేహానికీ మనసులో వేళ్లుంటాయి. ఎవరో సంఘ పెద్ద చేసిన గాయం, ఏళ్ల అలసట, స్వేచ్ఛ కావాలన్న ఆశ కూడా తర్కం వేషంలో వస్తాయి. అవి ఉన్నంత మాత్రాన సందేహం తప్పు కాదు, కానీ వాటిని లెక్కలోకి తీసుకోవాలి.

ఇలా విడదీస్తే, ఒక పేజీలో తగిలిన దెబ్బ అన్ని పేజీలకూ తగలనక్కర్లేదని కనిపిస్తుంది. సువార్తల మధ్య తేడాలు మూడో పేజీకి గట్టిగా తగులుతాయి, మొదటి పేజీకి అసలు తగలవు. క్రీ.శ. 325లో మొదలై 381లో రూపం తీరిన నైసియా విశ్వాస ప్రమాణంలో, అంటే క్రైస్తవుల ప్రధాన నమ్మకాల ప్రకటనలో, బైబిల్లో ఒక్క పొరపాటూ లేదన్న మాట లేదు, నిత్య యాతన మాటా లేదు. నరకం విషయంలో క్రైస్తవుల్లోనే మూడు అభిప్రాయాలున్నాయి: అంతులేని శిక్ష, చివరకు నశించిపోవడం, చివరకు అందరూ దేవునితో సమాధానపడడం. మూడోదాన్ని ఆశించినవాళ్లలో 4వ శతాబ్దపు బిషప్ గ్రెగరీ ఆఫ్ నిస్సా ఉన్నారు. ఒక్క ఇటుక కదిలినా గోడంతా కూలుతుందని నేర్పిన చోట పెరిగినవాళ్లకు విశ్వాసం ఒక్కసారిగా పోవడానికి ఆ బోధే కారణమవుతుంది.

పునరుత్థానం పేజీ చరిత్రకు సంబంధించింది. అక్కడ రెండు పక్కలా చూడాల్సినవి ఉన్నాయి. యేసు కనబడినవారి జాబితా మొదటి కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయంలో ఉంది. ఆ పత్రిక క్రీ.శ. 50ల మధ్యలో రాసింది, అంటే సంఘటనకు పాతికేళ్ల లోపే. మరోపక్క, మార్కు సువార్త పూర్తి ప్రతుల్లో అతి పాతవి రెండూ, అంటే 4వ శతాబ్దపు సైనాయ్, వాటికన్ ప్రతులు, 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతాయి. లేచిన యేసు కనబడిన ఘట్టం వాటిలోని మార్కు సువార్తలో లేదు. పసిపిల్లల బాధ అన్నింటికన్నా బరువైనది, దాని చోటు మొదటి పేజీయే. సర్వశక్తిగల మంచి దేవుడూ చెడూ కలిసి ఉండడమే తర్కానికి పొసగదని 1955లో తత్వవేత్త జె.ఎల్. మాకీ వాదించారు. మనిషి స్వేచ్ఛను చూపి పొసగుతుందని 1974లో మరో తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా జవాబిచ్చారు. పొసగవచ్చు గానీ ఇంత అర్థంలేని బాధను చూస్తే అలాంటి దేవుడు ఉండే అవకాశం తక్కువని 1979లో ఇంకో తత్వవేత్త విలియం రో అన్నారు. ఇప్పటి చర్చ ఎక్కువగా ఈ మూడో మెట్టు దగ్గరే నడుస్తోంది. సంఘంలో ఎవరైనా ఒక్క మాటలో దీన్ని తేల్చేస్తే, ఎటువైపు తేల్చినా, నమ్మకండి.

వారానికి రెండు సాయంత్రాలు, ఒక్కో గంట చదవండి. ఒక పక్క నుంచి ఒక మంచి పండితుడి పుస్తకం, రెండో పక్క నుంచి ఇంకొకటి, రెండూ పూర్తిగా. ఒక్కో అధ్యాయం అయ్యాక ఆ రచయిత చదివినా అవును, ఇదే నా వాదన అనేలా అయిదు వాక్యాల్లో రాయండి. అర్ధరాత్రి వాదోపవాదాల వీడియోలు వద్దు. వాటిలో చురుగ్గా మాట్లాడేవాడు గెలుస్తాడు, మీకు మిగిలేది కోపం. మూడు నెలల తర్వాత అంకెలు మళ్లీ వేయండి. అంతవరకూ సంఘం వదలడం, అందరికీ ప్రకటించడం వంటివి చేయవద్దు.

పెద్దలు చెప్పిన హృదయంతో నమ్మాలన్న మాటలో కొంత నిజం ఉంది, దానికి ఒక హద్దు ఉంది. చాలినంత ఆధారం లేకుండా దేన్ని నమ్మినా తప్పేనని 1877లో తత్వవేత్త డబ్ల్యు.కె. క్లిఫర్డ్ రాశారు. దానికి 1896లో మరో తత్వవేత్త విలియం జేమ్స్ జవాబిస్తూ మనసు మొగ్గును అనుసరించే హక్కుకు షరతులు పెట్టారు: ఆ ఎంపిక మీకు నిజంగా సజీవంగా ఉండాలి, తప్పించుకోలేనిదై ఉండాలి, జీవితాన్ని మార్చేంత పెద్దదై ఉండాలి, బుద్ధి ఎంత తూచినా తేల్చలేనిదై ఉండాలి. నాకు జేమ్స్ మాట సబబుగా అనిపిస్తుంది, కానీ ఆ చివరి షరతును జనం మరిచిపోతారు. సువార్తల్లో తేడాలు ఉన్నాయా అన్నది చదివితే తేలే విషయం, అక్కడ హృదయానికి పని లేదు. దేవుడు ఉన్నాడా అన్న పేజీలో, నిజాయితీగా అంతా తూచాక కూడా త్రాసు ఎటూ మొగ్గకపోతే, అప్పుడు మీ మనసు ఎటు చూస్తుందో దాన్ని అనుసరించవచ్చు. అటైనా, ఇటైనా.

ఇప్పుడు ఇంటి సంగతి. మొదట తెలియాల్సింది మీ భర్తకు. ఆయన వేరేవాళ్ల ద్వారా వింటే, సందేహం కన్నా దాచారన్న బాధే ఎక్కువవుతుంది. శనివారం రాత్రి, ఆరాధనకు వెళ్లే ముందు, గొడవ మధ్యలో వద్దు. పాప నిద్రపోయాక ఒక గంట తీరికగా ఉండే రోజు చూసుకోండి. వాదనలతో మొదలుపెట్టవద్దు. వాదన మొదలైతే ఆయన జవాబులు వెతుక్కునే పనిలో పడతారు, మిమ్మల్ని వినరు. "నేను మిమ్మల్ని గానీ మన కాపురాన్ని గానీ వదలడం లేదు. కొంతకాలంగా నాకు నమ్మకం నిలబడడం లేదు. దాచడం మీకు అన్యాయం అనిపించింది. ఇప్పుడే నాకు జవాబు చెప్పకండి, వినండి చాలు" అనండి. పోయిందని తేల్చి చెప్పకండి, ఇంకా తేలలేదన్నదే నిజం. ఆయన ఏడవవచ్చు, కోప్పడవచ్చు, బైబిల్ తెరవవచ్చు. ఆయనకూ ఇది దుఃఖమే. విశ్వాసం లేని జీవిత భాగస్వామి కలిసి ఉండడానికి ఇష్టపడితే విడిచిపెట్టవద్దని పౌలే మొదటి కొరింథీయుల పత్రిక 7వ అధ్యాయంలో, 12, 13 వచనాల్లో రాశాడు. అవసరమైతే ఆ మాట ఆయనకు ఊరటగా చూపండి, వాదనగా కాదు.

సండే స్కూల్ నుంచి మాత్రం వెంటనే మూడు నెలలు సెలవు తీసుకోండి. మీరు నమ్మనిదాన్ని పిల్లలకు నమ్మకంగా చెబుతుంటే వారం వారం మీ మీద మీకు గౌరవం తగ్గుతుంది. "నాకు కొంత విశ్రాంతి కావాలి, ఇంకొకరిని చూడండి" అంటే చాలు, అది అబద్ధం కాదు. పాటలు మానక్కర్లేదు. నోరు రాని చరణం దగ్గర మౌనంగా ఉండండి. పాస్టర్‌తో మాట్లాడాలనిపిస్తే, విషయం చెప్పక ముందే "ఇది మీ దగ్గరే ఉంటుందా? ప్రార్థన కూటంలో కూడా చెప్పరు కదా?" అని అడగండి. చాలాచోట్ల రహస్యం బయటపడేది చెడ్డ ఉద్దేశంతో కాదు, "ఫలానా సహోదరి విశ్వాసం కోసం ప్రార్థించండి" అనే ప్రార్థన అంశంగా. ఆయన తడబడితే ఆ రోజుకు అక్కడితో ఆపేయండి.

పాప పడుకునే ముందు చేసే ప్రార్థన ఆపవద్దు, మీ భర్త చేయిస్తారు, మీరు పక్కన కూర్చోండి. ఎప్పుడైనా అడిగితే "నాన్న ఇలా నమ్ముతారు, అమ్మ ఇంకా ఆలోచిస్తోంది" అనడం ఆరేళ్ల పిల్లకు చాలు. పాప ముందు ఒకరి నమ్మకాన్ని ఒకరు తక్కువ చేయకూడదని మీరిద్దరూ ముందే మాట అనుకోండి.

అమ్మకు ఇప్పుడు చెప్పాల్సిన పని లేదు. మీకే తేలని విషయం చెప్పి ఆమెను నిద్రలేకుండా చేయడంలో నిజాయితీ ఏమీ పెరగదు. ఆమెతో కలిసి ప్రార్థనలో కూర్చోవడానికి అభ్యంతరం లేకపోతే కూర్చోండి. నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పకుండా, "నాకు కొన్ని ప్రశ్నలున్నాయమ్మా, చదువుకుంటున్నాను" అనండి. మూడు నెలల తర్వాత అంకెలు తేలి, మీ భర్తతో మాట ఒక కొలిక్కి వచ్చాక, అప్పటికీ చెప్పాలనిపిస్తే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పండి.