మెడ సరిచేయించుకుంటే బీపీ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 52. బట్టల షాపులో లెక్కలు రాస్తుంటాను. ఆరేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ఎనిమిది నెలలుగా మెడనొప్పి. మెడికల్ షాపులో ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ మాత్ర తెచ్చుకుని రోజూ ఒకటి, నొప్పి ఎక్కువైతే రెండు వేసుకుంటున్నాను. గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటాను కాబట్టి ఇబ్బంది లేదు. ఈమధ్య వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడం ఆలస్యమవుతోంది. ఎప్పుడూ 130 దాటని బీపీ ఇప్పుడు 160/100 చూపిస్తోంది. కైరోప్రాక్టర్ దగ్గర మెడ ఎముక సరిచేయించుకుంటే నొప్పితోపాటు బీపీ కూడా తగ్గుతుందని ఒక వీడియోలో చెప్పారు. పది సిట్టింగుల ప్యాకేజీకి కొంత అడ్వాన్స్ కూడా ఇచ్చాను. వెళ్లమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే వెళ్లకండి. ప్యాకేజీ కన్నా ముందు చూసుకోవాల్సినవి మీ ఉత్తరంలో రెండున్నాయి. రెంటినీ మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు.

మొదటిది గుండీలు. మెడనొప్పి చాలామందికి వస్తుంది, చాలామందికి దానంతటదే తగ్గుతుంది. కానీ మెడనొప్పితో పాటు వేళ్లు తిమ్మిరెక్కి, గుండీలు పెట్టుకోవడం, తాళం తిప్పడం, అన్నం కలుపుకోవడం లాంటి పనులు మొరాయిస్తున్నాయంటే మెడలో వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమో చూడాలి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినా, బీ12 తగ్గినా, షుగరున్నా తిమ్మిర్లు వస్తాయి. మిమ్మల్ని పరీక్షించకుండా ఇదీ అని చెప్పలేను. ఇంట్లో ఒకటి చేసి చూడండి. అరచేయి కిందికి పెట్టి పిడికిలి బిగించి, వేళ్లు పూర్తిగా చాపుతూ పది సెకన్లు చేయండి. మామూలుగా ఇరవై సార్లు వస్తుంది. తక్కువ వచ్చినా, నడకలో తూలుతున్నట్టనిపించినా ఈ వారంలోనే న్యూరాలజిస్టుకో, స్పైన్ సర్జన్‌కో చూపించండి. ఇరవై వచ్చింది కదా అని మానేయకండి, గుండీల ఇబ్బంది ఉన్నంతవరకు చూపించాల్సిందే. మెడకు ఎంఆర్ఐ అవసరమా అన్నది వాళ్లు తేలుస్తారు. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆ నొప్పి మాత్ర. ఎనిమిది నెలలు, రోజూ, చీటీ లేకుండా! మీరేదో ఘోరం చేశారని కాదు, నా ఓపీలో సగం మంది ఇలాగే చేస్తుంటారు. అందుకే కోపం కన్నా భయమే ఎక్కువ. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతి మందులు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలవబెడతాయి, బీపీ మాత్ర పనికి అడ్డుపడతాయి. మీ బీపీ 130 నుంచి 160కి ఎక్కడానికి మెడ ఎముక కన్నా మెడకని మింగే మాత్రే కారణమయ్యే అవకాశం ఎక్కువ.

బీపీ ఒక్కటే అయితే ఇంత చెప్పేవాణ్ని కాదు. కిడ్నీ వడపోతకు లోపల తగినంత ఒత్తిడితో రక్తం అందాలి. నొప్పి మాత్ర కిడ్నీలోకి రక్తం వచ్చే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లోని నీటిని మూత్రంలోకి తోస్తుంది. బీపీ మందులుగా ఆ రెండూ మంచివే, ఎందరినో కాపాడుతున్నాయి. వాటికి మూడోదిగా నొప్పి మాత్ర రోజూ తోడైతేనే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. ఖమ్మం ఎండల్లో నీళ్లు సరిగా తాగని రోజునో, విరేచనాలు పట్టుకున్న రోజునో అది ఒక్కసారిగా బయటపడుతుంది. చాలామందిలో నొప్పేమీ ఉండదు, మూత్రమూ మామూలుగానే వస్తుంటుంది, కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పేరుకునే క్రియాటినిన్ మాత్రం పెరిగిపోతుంది.

గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి ఇబ్బంది లేదన్నారు. అది కాపాడేది కడుపును. కిడ్నీకి దాని వల్ల రక్షణ ఏమీ లేదు. దయచేసి ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

ఎసిక్లోఫెనాక్ ఈరోజుతో ఆపండి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు, పెంచొద్దు. సీరమ్ క్రియాటినిన్, పొటాషియం, యూరిన్ అల్బుమిన్, షుగర్ చేయించుకుని మీ ఫిజీషియన్‌ను కలవండి. లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకపోతే అప్పటిదాకా ఒట్టి పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో సరిపోవచ్చు. బీపీ ఉదయం, సాయంత్రం చూసి కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు మీరడిగింది. కైరోప్రాక్టిక్‌ను నేను కొట్టిపారేయను. నడుంనొప్పిలో వెన్ను సర్దే చికిత్స వల్ల కొంత ఉపశమనం ఉందని మంచి పరిశోధనలే చెబుతున్నాయి. దీర్ఘకాలిక నడుంనొప్పి మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ దీన్ని షరతులతో చేర్చారు. లాభం ఓ మోస్తరే. మీ వీడియోలో బీపీ మాట 2007లో షికాగోలో జరిగిన ప్రయోగం నుంచి వచ్చి ఉండొచ్చు. మెడలోని మొదటి పూసను సరిచేశాక ఎనిమిది వారాలకు పై బీపీ, ఉత్తుత్తి చికిత్స చేసినవాళ్లతో పోలిస్తే సుమారు 14 పాయింట్లు ఎక్కువ తగ్గింది. అందులో ఉన్నది 50 మందే, బీపీ మందులు వాడనివాళ్లు. చేసింది టక్కుమనిపించే విరుపు కాదు, చాలా మెల్లని ఒత్తిడి. దాన్ని నమ్ముకుని 160/100ను వదిలేయడం కుదరదు.

మెడను ఒక్కసారిగా తిప్పడంలో ఇంకో చిక్కుంది. మెడ పూసల్లోంచే మెదడుకు రక్తనాళాలు వెళ్తాయి. ఆ నాళం గోడ చీలితే పక్షవాతం రావచ్చు. ఇది అరుదు. మెడ విరుపే కారణమని రుజువు కాలేదు కానీ రెంటికీ సంబంధం కనబడుతోందనీ, చికిత్సకు ముందే రోగికి ఆ విషయం చెప్పాలనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సూచించింది. కటింగ్ షాపులో తల మసాజ్ చివర మెడను ఇటూ అటూ టక్కుమనిపిస్తారే, అదీ వద్దు. మెడనొప్పి హఠాత్తుగా తీవ్రమై మాట ముద్దగా వచ్చినా, చూపు రెండుగా కనిపించినా, నడక తూలినా 108కి ఫోన్ చేయండి.

వెన్నుపాము మీద ఒత్తిడి ఉందని తేలితే మెడ విరుపులు పూర్తిగా మానుకోవాలి. లేదని తేలితే ఫిజియోథెరపిస్టు నేర్పే మెడ, భుజాల వ్యాయామాలు మొదలుపెట్టండి, షాపులో లెక్కల పుస్తకాన్ని కాస్త ఎత్తులో పెట్టుకోండి. అప్పటికీ కైరోప్రాక్టర్ దగ్గరికే వెళ్లాలనుకుంటే ఎక్కడ చదివారో, ఎన్నేళ్లు చదివారో అడగండి, రిపోర్టులన్నీ చూపించండి. అడ్వాన్స్ ఇచ్చేశాను కదా అని మాత్రం పరీక్షలకు ముందే వెళ్లి మెడ అప్పగించకండి. డబ్బు వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోనివ్వండి.