పాత కారు ప్రశ్నలు: అతికించిన డోర్ రబ్బరు మళ్ళీ మళ్ళీ ఎందుకు ఊడుతోంది?

ప్రశ్న: మాది 1972 అంబాసిడర్ మార్క్-2. డోర్ రబ్బర్లు కారుతో వచ్చినవే. ఇంకా మెత్తగానే ఉన్నాయని టింకరింగ్, పెయింటింగ్ అయ్యాక వాటినే తిరిగి అతికించాం. చెప్పులకు వాడే పసుపు జిగురుతో మూడుసార్లు అంటించినా, డ్రైవరు డోరు పైమూల దగ్గర నెల తిరక్కుండా లేచిపోతోంది. ఇంతకన్నా గట్టి జిగురు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: జిగురు మార్చేముందు ఊడినచోట రబ్బరును కాస్త వెనక్కి వంచి, జిగురు పొర ఎటువైపు ఉండిపోయిందో చూడండి. పొరంతా రబ్బరుకే ఉండి డోరు అంచు నున్నగా మెరుస్తుంటే, పాలిష్‌లోని మైనమో సిలికానో రేకు మీద మిగిలిందన్నమాట. జిగురు డోరుకే ఉండి, రబ్బరు వీపు నుంచి నల్లటి పొడి రాలుతుంటే రబ్బరు పైపొర చచ్చిపోయింది. రెండువైపులా ఉండి, లాగితే తీగలు సాగుతుంటే మందంగా పూసి, ఆరకముందే నొక్కేశారు. పెయింటే పెచ్చులుగా లేచివస్తే అది పూర్తిగా ఆరని పెయింటో, ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పెయింటో అయ్యుంటుంది. జిగురులోని టోలుయీన్ అనే ద్రావకం దాన్ని మెత్తబరుస్తుంది.

అయితే మీకు ఊడేది ప్రతిసారీ ఆ పైమూల ఒక్కటే కాబట్టి మా మొదటి అనుమానం వేరు. 50 ఏళ్ళ రబ్బరు పొడవులో కొంత కుంచించుకుపోతుంది. కొసలు కలవడం లేదని లాగి అతికిస్తే, అది రాత్రింబవళ్ళు వెనక్కి గుంజుకుంటూనే ఉంటుంది, మూలను వదిలి అడ్డదారిన పోవాలని చూస్తుంది. ఈ రకం జిగుళ్ళు పక్కకు జరిపే బలాన్ని బాగానే ఆపుతాయి కానీ, అంచు నుంచి ఒలిచే బలానికి నెమ్మదిగా లొంగిపోతాయి. మీరు తెచ్చే ఎంత గట్టి జిగురుకైనా ఇదే గతి.

కాబట్టి రబ్బరును మొత్తం తీసేయండి. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చచేస్తూ, చేపల గాలానికి కట్టే నైలాన్ తీగను వెనక రంపంలా ఆడిస్తే చిరగకుండా వస్తుంది. మడతపెట్టి చూడండి. పగుళ్ళు తేలినా, గోరుతో నొక్కిన గుర్తు అలాగే ఉండిపోయినా దాన్ని పక్కనపెట్టి కొత్తది వేసుకోవడమే మేలు. బాగుందనుకుంటే పాత జిగురు వేళ్ళతో ఉండలుగా నలిపి తీసి, వీపును 120 నంబరు ఎమరీతో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నరు మాత్రం వద్దు. వాటిని పీల్చుకుని సహజ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని అతికిస్తే ఆరాక కుంచించుకుని మళ్ళీ అదే మూల దగ్గర లాగుతుంది.

రేకు మీద తుప్పు కనిపిస్తే గీకి, ప్రైమరు, పెయింటు వేసి బాగా ఆరనివ్వాలి. కొత్త పెయింటుకు రెండు మూడు వారాలైనా గడువివ్వండి. జిగురు పడే గీతకు అటూ ఇటూ మాస్కింగ్ టేపు వేసి, మధ్య భాగాన్ని 400 నంబరు పేపరుతో లేతగా రుద్ది తుడవండి. జిగురు చుక్క ఒకటి ముందు కనబడని చోట వేసి, పెయింటు ముడుచుకోవడం లేదని చూసుకోండి.

ఇక జిగురు లేకుండానే రబ్బరును జానెడుకొక టేపు ముక్కతో నిలిపి, డోరు వేసి చూడండి. పొడవు చాలకపోతే లాగకండి. అతుకు డోరు కింది భాగంలో వచ్చేలా చేసి, అడ్డంగా కోస్తే అదే ఆకారం ఉండే రబ్బరు ముక్క చేర్చండి. జిగురును రెండు వైపులా పల్చగా పూయాలి. పాత రబ్బరు పీల్చేస్తుంది కాబట్టి దానికి మొదటి పూత ఆరాక రెండోది వేయండి. పది పదిహేను నిమిషాలాగి వేలి కణుపు ఆనిస్తే అంటకూడదు, అప్పుడే అతికించాలి. ఒకసారి తాకిందంటే జరపడం కుదరదు. ఆ పైమూలతోనే మొదలుపెట్టి, మూల దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి నెట్టి వదులు ఉంచండి. చెంచా వీపుతో అంతటా గట్టిగా ఒత్తండి. డోరు కింద నీళ్ళు పోయే రంధ్రాలు జిగురుతో మూసుకుపోకుండా చూడండి. డోరు వేసే ముందు రబ్బరు ముఖానికి కాస్త టాల్కం పౌడరు రాస్తే బాడీకి అంటుకోదు. ఒక రోజు దాకా కడగకండి.

ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. జిగురులోని ద్రావకం ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది. దాని మీద గాలిలోని తేమ చేరి తెల్లటి మసక కడితే పట్టు ఉండదు. పసుపు జిగురు మన ఎండలకు మెత్తబడుతుంది, అంచున కారితే వికారంగా కనిపిస్తుంది కూడా. కార్ల రబ్బర్లకని అమ్మే నల్లటి నియోప్రీన్ జిగురు తీసుకోండి.

ప్రశ్న: ఫెవిక్విక్‌తోనో సిలికాన్‌తోనో సరిపెట్టుకోవచ్చా?

జవాబు: ఫెవిక్విక్ రబ్బరు కొసల అతుకుకు బాగుంటుంది, అక్కడికే పరిమితం చేయండి. ఎండాక గాజులా పెళుసు అవుతుంది కనుక, వంగే పొడవంతా పూస్తే డోరు వేసిన ప్రతిసారీ చిట్లుతుంది. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, గీతపడ్డ రేకుకు తుప్పు తెస్తుంది. పైగా దాని మరకలు మిగిలితే తర్వాతి పెయింటులో గుంటలు పడతాయి.

ప్రశ్న: ముందు అద్దం రబ్బరుకు కూడా ఇదే జిగురా?

జవాబు: దానికి జిగురే వద్దు. రబ్బరును అద్దానికి తొడిగి, బాడీ రేకు అంచు పట్టే బయటి గాడిలో 4 మి.మీ. నైలాన్ తాడు చుట్టి, కొసలు కింద మధ్యలో జానెడు దాటేలా పెట్టండి. సబ్బునీళ్ళు రాసి, తాడు కొసలు కారు లోపలికి వచ్చేలా అద్దాన్ని బయటి నుంచి చట్రానికి ఆనించి, ఒకరు బయట అరచేతులతో అద్దాన్ని నొక్కుతుండగా లోపలివారు తాడును నెమ్మదిగా లాగితే రబ్బరు పెదవి రేకు అంచు మీదికి ఎక్కుతుంది. ఎక్కడైనా బిగిస్తే ఆగి సబ్బునీళ్ళు మళ్ళీ పట్టించండి, బలవంతం చేస్తే అద్దం మూల చిట్లుతుంది. ఈ చోట మాత్రం గట్టిపడిన పాత రబ్బరును వాడకండి, తాడు లాగగానే పెదవి తెగుతుంది.